మూడో బెడ్రూమ్ కొనే ముందు రెండో బెడ్రూమ్ తలుపు తీయండి

ప్రశ్న: మాది మియాపూర్‌లో సొంత టూ బీహెచ్‌కే, 1,150 చదరపు అడుగులు. నేను, మా వారు ఇద్దరం ఉద్యోగాలు చేస్తాం. చేతికి నెలకు లక్షా 35 వేలు వస్తాయి. ఈ ఫ్లాట్ మీద ఇంకా 11 లక్షల లోన్ ఉంది, ఈఎంఐ 19 వేలు. పాప నాలుగో తరగతి. నిరుడు మామయ్య గారు పోయాక తెనాలిలో అద్దె ఇల్లు ఖాళీ చేసి అత్తయ్య గారిని మా దగ్గరకు తెచ్చుకున్నాం. వాళ్ల సామాను కూడా వచ్చింది. రెండో బెడ్రూమ్ నిండిపోయింది, లాఫ్టులు నిండిపోయాయి, బాల్కనీలో కూడా అట్టపెట్టెలే. ఏ వస్తువు ఎక్కడుందో తెలియక రోజూ టెన్షన్. ఇది అమ్మేసి, ఇంకో 28 లక్షలు లోన్ తీసుకుని త్రీ బీహెచ్‌కే కొందామని మా వారు అంటున్నారు. మామయ్య గారి బీరువాలో పాత ఎల్ఐసీ బాండ్లు, ఆంధ్రా బ్యాంకు పాస్‌బుక్, షేర్ కాగితాలు ఏవో ఉన్నాయి. వాటిని ఏం చేయాలో తెలియడం లేదు. ఇల్లు మారడం మంచిదేనా?
— ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు:

ఇప్పుడే మారొద్దు. మూడు నెలలు ఆగండి. ఆ మూడు నెలల్లో ఏం చేయాలో కింద రాస్తాను.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మూడో గది ఎందుకు కావాలో చెప్పడానికి మీరు పెట్టెలు, లాఫ్టులు, బాల్కనీ గురించి రాశారు. అత్తయ్య గారు ఎక్కడ పడుకుంటున్నారో మాత్రం రాయలేదు. రెండో బెడ్రూమ్ సామానుతో నిండిపోయిందంటే ఆవిడ హాల్లో దివాన్ మీద పడుకుంటున్నారేమో అనుకుంటున్నాను. అదే నిజమైతే ముందు తీర్చాల్సిన సమస్య అది. దానికి 28 లక్షలు అక్కర్లేదు.

లెక్క చూద్దాం. 28 లక్షల లోన్, ఎనిమిదిన్నర శాతం వడ్డీ, 20 ఏళ్లు అనుకుంటే ఈఎంఐ సుమారు 24,300 వస్తుంది. మొత్తం కట్టేది 58 లక్షల పైచిలుకు. రిజిస్ట్రేషన్, ఇంటీరియర్స్, పెద్ద ఫ్లాట్‌కు పెరిగే మెయింటెనెన్స్ దీనికి అదనం. మీ జీతాలకు బ్యాంకు ఈ లోన్ ఇస్తుంది, అందులో సందేహం లేదు. కానీ బ్యాంకు చూసేది మీరు కట్టగలరా అన్నదే. మీకు అవసరమా అన్నది మీరే చూసుకోవాలి. అదే 24,300 ఇప్పుడున్న లోన్‌కు ప్రతి నెలా అదనంగా కట్టారనుకోండి. మీ వడ్డీ రేటు కూడా ఎనిమిదిన్నర దగ్గరే ఉంటే, ఆరేళ్ల పైన పట్టే లోన్ రెండున్నరేళ్లలోపే తీరిపోతుంది. పాప ఏడో తరగతికి వచ్చేసరికి మీ ఇంటి మీద అప్పు ఉండదు.

ఇంకో లెక్క. చదరపు అడుగు 7 వేలు అనుకుంటే, పది బై పన్నెండు గది ఖరీదు కనీసం 8 లక్షల 40 వేలు. అంటే అంత విలువైన గదిని ఇప్పటికే కొని, అందులో అట్టపెట్టెలు పెట్టుకున్నారు. ఈఎంఐలో కొంత భాగం నెలనెలా ఆ పెట్టెల కోసమే పోతోంది. పెద్ద ఇంటికి మారినవాళ్లను నేను చాలామందినే చూశాను. వాడని సామాను వాళ్లతోపాటే వెళ్తుంది. రెండేళ్లలో కొత్త లాఫ్టులు కూడా నిండుతాయి.

సామాను విషయంలో నేను చెప్పేది తక్కువే, అది మీ ఇల్లు. కొన్నప్పటి ధర చూసి ఏ వస్తువునూ ఉంచుకోవద్దు. ట్రెడ్‌మిల్‌కు 40 వేలు పెట్టి ఉండొచ్చు, ఆ డబ్బు ఎప్పుడో పోయింది. ఈ రోజు దాన్ని అమ్మితే ఎంత వస్తుంది, ఉంచితే ఎంత చోటు తింటుంది అన్నవే లెక్క. గృహప్రవేశాలకు వచ్చిన డిన్నర్ సెట్లు, రిటర్న్ గిఫ్టుల స్టీల్ డబ్బాలు, ఫోన్ల ఖాళీ పెట్టెలు, ఆఫర్లో మూడు కొంటే ఒకటి ఫ్రీ అని తెచ్చిన షాంపూలు, పురుగు పట్టేదాకా డబ్బాల్లో ఉండే పప్పులు... వీటి గురించి ఎక్కువ ఆలోచించక్కర్లేదు. మూడు నెలలపాటు కొత్త ర్యాకులు, ప్లాస్టిక్ డబ్బాలు, వార్డ్‌రోబ్‌లు కొనకండి. సర్దుకోవడానికని కొన్నవి కూడా సామానే అవుతాయి. గత మూడు నెలల ఆన్‌లైన్ ఆర్డర్లు మీరిద్దరూ పక్కపక్కన కూర్చుని ఒకసారి చూడండి. ఇంట్లో ఉండి కూడా దొరకక మళ్లీ కొన్నవి ఎన్నో గుర్తు పెట్టండి. చార్జర్లు, కత్తెరలు, స్క్రూ డ్రైవర్లు, పాప స్కెచ్ పెన్నులు తప్పకుండా కనిపిస్తాయి. చిందరవందర ఇంట్లో డబ్బు ఇలాగే కారిపోతుంది.

అత్తయ్య గారి సామాను మాత్రం వేరు. ఇత్తడి బిందెలు, రాగి గుండిగలు, బొమ్మల కొలువు పెట్టెలు ఆవిడ జీవితం. వాటిని ఆవిడ లేనప్పుడు పాత సామాన్ల వాళ్లకు వేయకండి. ఏవి ఉంచుకోవాలో, ఏవి ఆడపడుచులకో బంధువులకో ఇవ్వాలో ఆవిడనే చెప్పనివ్వండి. తూకానికి అమ్మితే వచ్చే నాలుగు డబ్బుల కోసం ఆవిడ మనసు కష్టపెట్టడం నాకు ఇష్టం లేదు.

ఇక బీరువా. మీ ఇంట్లో అన్నిటికంటే ముందు సర్దాల్సింది అదే. డబ్బు అక్కడే ఉండి ఉండొచ్చు.

ఆంధ్రా బ్యాంకు పాస్‌బుక్ దగ్గర మొదలుపెట్టండి. 1923లో మచిలీపట్నంలో భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు పెట్టిన ఆ బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసింది. బ్యాంకు పేరు పోయింది గానీ ఖాతాలో డబ్బు ఎక్కడికీ పోలేదు. దగ్గర్లోని యూనియన్ బ్యాంకు బ్రాంచిలో పాస్‌బుక్ చూపించి అడగండి. ఇలాగే సిండికేట్ బ్యాంకు కాగితాలు దొరికితే కెనరా బ్యాంకుకు, స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్‌వి దొరికితే ఎస్‌బీఐకి వెళ్లాలి. రెండేళ్లు లావాదేవీలు లేకపోతే ఖాతా వాడుకలో లేనట్టు లెక్క. పదేళ్లు దాటితే బ్యాంకు ఆ డబ్బును రిజర్వ్ బ్యాంకు దగ్గరున్న డిపాజిటర్ల నిధికి పంపిస్తుంది. అలా వెళ్లినా వారసులు ఎప్పుడైనా అడగొచ్చు, బ్యాంకే ఇప్పిస్తుంది. మీకు తెలియని ఖాతాలు ఇంకేమైనా ఉన్నాయేమో చూడటానికి రిజర్వ్ బ్యాంకు 2023లో ఉద్గమ్ అనే పోర్టల్ తెచ్చింది. మామయ్య గారి పేరు, పాన్ నంబరు ఇచ్చి వెతకండి. పేరు స్పెల్లింగు రెండు మూడు రకాలుగా కొట్టి చూడండి. మన ఇంటిపేర్లు బ్యాంకు రికార్డుల్లో ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి.

ఎల్ఐసీ బాండ్లను, ప్రీమియం కట్టడం ఎప్పుడో ఆపేశారు కదా అని పక్కన పెట్టకండి. మూడేళ్లు కట్టి ఆపేసిన పాత పాలసీలకు కూడా సాధారణంగా పెయిడప్ విలువ, అంటే కట్టిన ప్రీమియాలకు తగ్గట్టు వచ్చే డబ్బు, ఉంటుంది. ప్రతి బాండు మీద పాలసీ నంబరు, బ్రాంచి పేరు ఉంటాయి. ఎల్ఐసీ వెబ్‌సైట్లో ఎవరూ క్లెయిమ్ చేయని డబ్బు వివరాలు కూడా వెతకొచ్చు. మామయ్య గారు ఏం ఉద్యోగం చేశారో రాయలేదు. గవర్నమెంటు టీచరో, ఇంకేదైనా రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగమో అయితే ఏపీజీఎల్ఐ (రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగుల జీవిత బీమా) బాండు కూడా ఉంటుంది. దాని డబ్బు రిటైరైనప్పుడు తీసుకునే ఉంటారు. అయినా జిల్లా ఏపీజీఎల్ఐ ఆఫీసులో ఒకసారి అడగండి.

షేర్ సర్టిఫికెట్లతో పని ఎక్కువ. పాత కాగితం షేర్లు ఇంకొకరికి అమ్మడం 2019 ఏప్రిల్ నుంచి కుదరదు. చనిపోయినవాళ్ల పేరు నుంచి వారసుల పేరుకు మార్చుకోవడం మాత్రం కుదురుతుంది, ఆ షేర్లు అత్తయ్య గారి డీమ్యాట్ ఖాతాలోకి (షేర్లను కాగితం లేకుండా కంప్యూటర్ రికార్డుగా ఉంచే ఖాతా) వస్తాయి. వరసగా ఏడేళ్లు డివిడెండ్ తీసుకోకపోతే షేర్లు కేంద్రం నడిపే ఇన్వెస్టర్ల నిధి ఐఈపీఎఫ్‌కు వెళ్లిపోతాయి, అక్కడి నుంచి తెచ్చుకోవడానికి ఐఈపీఎఫ్-5 ఫారం ఉంది. ముందు కంపెనీ పేరు, ఫోలియో నంబరు రాసుకుని, ఆ కంపెనీ షేర్ల రిజిస్ట్రార్ (ఎవరి దగ్గర ఎన్ని షేర్లున్నాయో లెక్కలు చూసే సంస్థ) ఎవరో చూడండి. చాలా కంపెనీలకు రిజిస్ట్రార్‌గా ఉన్న కేఫిన్‌టెక్ హైదరాబాద్‌లోనే ఉంది. కంపెనీ ఇప్పుడు ఉందో లేదో కూడా చూసుకోండి, 1990ల్లో షేర్లు అమ్మి కనిపించకుండా పోయిన కంపెనీలు చాలా ఉన్నాయి. ఎవరైనా ఫోన్ చేసి మీ షేర్లు తెచ్చిపెడతాం, సగం మాకివ్వండి అంటే సంతకం పెట్టకండి. నిజంగా చిక్కుగా ఉంటే బయట ప్రాక్టీసు చేసే కంపెనీ సెక్రటరీకి (కంపెనీ చట్టం పనులు తెలిసిన నిపుణులు) మామూలు ఫీజు ఇచ్చి చేయించుకోండి.

వీటన్నిటికీ డెత్ సర్టిఫికెట్ కావాలి, కాపీలు ఎక్కువే తీసుకోండి. నామినీ లేనిచోట ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ కూడా అడుగుతారు. తెనాలి కాబట్టి అక్కడి వార్డు సచివాలయంలో దరఖాస్తు పెట్టాలి. నామినీగా అత్తయ్య గారి పేరు ఉండి, కాగితాలు సరిగ్గా ఇస్తే, బ్యాంకు 15 రోజుల్లోపు డబ్బు ఇవ్వాలి.

రెండు జాగ్రత్తలు. మామయ్య గారి ఏటీఎం కార్డు మీ దగ్గరుండి, పిన్ తెలిసినా దానితో డబ్బు తీయకండి. పోయినవాళ్ల ఖాతాలో నుంచి అలా తీయకూడదు, రేపు మిగతా వారసులతో గొడవ కూడా వస్తుంది. ఆయన ఫోన్ నంబరును ఈ పనులన్నీ అయ్యేదాకా రీచార్జ్ చేస్తూ ఉండండి. దానికి వచ్చే మెసేజీలు చూస్తే మీకు తెలియని పాలసీలు, ఖాతాలు బయటపడొచ్చు.

వచ్చిన డబ్బు అంతా అత్తయ్య గారి పేరు మీదే ఉండాలి. దీని మీద నేను గట్టిగా చెబుతున్నాను. చట్టప్రకారం ఎవరికైనా వాటా ఉంటే అది వాళ్లకు ఇవ్వండి, మిగిలింది ఆవిడది. కొత్త ఫ్లాట్ అడ్వాన్సులోకి మళ్లించొద్దు. 60 దాటినవాళ్లకు సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీమ్ ఉంది, 30 లక్షల దాకా పెట్టొచ్చు, వడ్డీ మూడు నెలలకోసారి చేతికొస్తుంది. మనవరాలికి ఏదైనా కొనాలన్నా, గుడికి వెళ్లాలన్నా ఆవిడ ఎవరినీ అడగక్కర్లేదు. బ్యాంకు డిపాజిట్లకు 2025 నవంబరు నుంచి నలుగురి దాకా నామినీలను పెట్టుకోవచ్చు, ఎవరికి ఎంత శాతం అన్నది కూడా రాయొచ్చు.

ఈ పని చేస్తున్నప్పుడే మీ ఇద్దరి కాగితాలు కూడా ఒక ఫైల్లోకి తెచ్చుకోండి. మీ వారు ఉద్యోగాలు మారి ఉంటే పాత పీఎఫ్ ఖాతాలన్నీ ఒకే యూఏఎన్ (ఉద్యోగం మారినా మారని పీఎఫ్ నంబరు) కిందకు వచ్చాయో లేదో చూడండి. ఆధార్, పాన్, లైసెన్సు, బండి ఆర్సీ డిజిలాకర్‌లో పెట్టుకుంటే సరిపోతుంది. ఇన్‌కమ్ ట్యాక్స్ కాగితాలు ఎనిమిదేళ్లవి ఉంచండి. ఫ్లాట్ కొన్నప్పటివి, ఫ్లాట్‌కు పెద్ద పనులు చేయించిన బిల్లులు మాత్రం అమ్మేదాకా, అమ్మాక కూడా కొన్నేళ్లు ఉండాలి, ట్యాక్స్ లెక్కకు పనికొస్తాయి. ఏటీఎం స్లిప్పులు, ఎప్పటివో కరెంటు బిల్లులు, ముగిసిపోయిన ఇన్సూరెన్స్ నోటీసులు పారేయొచ్చు. ఆధార్ జిరాక్సులు, ఖాతా నంబరు ఉన్న కాగితాలు పాత పేపర్లలో వేయకండి, చింపి పడేయండి. చివరగా రెండు పేజీల జాబితా రాయండి: ఏ బ్యాంకు, ఏ పాలసీ, నంబరు, నామినీ ఎవరు, ఏ ఫోన్ నంబరు లింకయ్యింది. ఆ కాగితం ఎక్కడుందో మీకూ, మీ వారికీ ఇద్దరికీ తెలియాలి.

సామాను సర్దాక రెండో బెడ్రూమ్‌లో అత్తయ్య గారికీ పాపకీ మంచాలు వేయండి. ఆ మూడు నెలల్లో మిగిలినన్నాళ్లూ అలా ఉండి చూడండి. పాప పెద్దదవుతోంది, తనకు విడిగా గది కావాలి అని అప్పుడు అనిపిస్తే అది మనుషుల కోసం అడిగే గది. దానికి నేను అడ్డు చెప్పను. అప్పటికి మీ లోన్ కూడా కొంత తగ్గి ఉంటుంది.

అమ్మేటప్పుడు ఒక్కటి గుర్తుంచుకోండి. లోన్ పూర్తిగా తీరిన 30 రోజుల్లోపు బ్యాంకు మీ ఒరిజినల్ డాక్యుమెంట్లు తిరిగి ఇవ్వాలి. బ్యాంకు వల్ల ఆలస్యమైతే రోజుకు 5 వేల చొప్పున మీకు కట్టాలని రిజర్వ్ బ్యాంకు నిబంధన. లోన్ తీసుకున్నప్పుడు ఎంఓడీ (ఇంటి పత్రాలు బ్యాంకు దగ్గర తాకట్టు పెట్టినట్టు రాసే పత్రం) రిజిస్టర్ చేసి ఉంటే దాన్ని రద్దు చేయించి, ఈసీ (ఇంటి మీద తాకట్లు, లావాదేవీలు చూపే సర్టిఫికెట్) తీసి చూసుకున్నాకే కొనేవాళ్ల దగ్గర అడ్వాన్సు తీసుకోండి.