ముద్ద దిగాలంటే ఫోన్ ఉండాల్సిందేనా?

ప్రశ్న: మా బాబుకి రెండేళ్ల నాలుగు నెలలు. మేమిద్దరం సాఫ్ట్‌వేర్ ఉద్యోగులం, మియాపూర్‌లో తొమ్మిదో అంతస్తు ఫ్లాట్‌లో ఉంటాం. వాణ్ణి చూసుకోవడానికి మా అత్తయ్య తెనాలి నుంచి వచ్చి ఏడాది దాటింది. ఫోన్ ఎదురుగా లేనిదే వాడు ముద్ద ముట్టడు. లాక్కుంటే తల నేలకేసి కొట్టుకుంటాడు. మాటలు పది దాకా వచ్చాయంతే. అవీ ఎక్కువగా వీడియోల్లో విన్న అంకెలు, రంగుల పేర్లే. మావారు ‘నాకూ ఆలస్యంగానే వచ్చాయట, మగపిల్లలంతే’ అంటారు. మొన్న కోపంలో ‘మీవల్లే వీడు ఇలా తయారయ్యాడు’ అని అత్తయ్యను అనేశాను. అప్పటి నుంచి ఆవిడ ఊరెళ్లిపోతానంటున్నారు. ఏం చేయాలో తోచడం లేదు. – ఒక తల్లి, హైదరాబాద్

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో తిండి, మాటలు, అత్తయ్య మూడూ ముడిపడిపోయాయి. తిండి సంగతి నెమ్మదిగా సర్దుకుంటుంది. అత్తయ్యతో ఈ రాత్రే మాట్లాడొచ్చు. మాటల విషయంలో మాత్రం ‘చూద్దాంలే’ అనుకోవద్దు. అందుకే ముందు అదే చెబుతాను.

రెండేళ్లు నిండేసరికి పిల్లలకు సుమారు యాభై మాటలు రావాలి. ‘అమ్మ రా’, ‘పాలు వద్దు’ లాంటి రెండు మాటల జతలు మొదలవ్వాలి. మీ బాబు దానికి బాగా దూరంలో ఉన్నాడు. ఆడపిల్లలతో పోలిస్తే మగపిల్లలు మాటల్లో కొంచెం వెనకబడటం నిజమే కానీ ఆ తేడా చిన్నది, ఇంత లోటుకు అది కారణం కాదు. మీవారికి ఆలస్యంగా మాటలు రావడం నిశ్చింతగా ఉండటానికి కారణం కాదు, పరీక్ష చేయించడానికి కారణం. మాటల ఆలస్యం కొన్ని కుటుంబాల్లో వరసగా కనిపిస్తుంది.

మొదట వినికిడి పరీక్ష. ‘ఫోన్ పాట వినపడగానే పరుగెత్తుకొస్తాడు, చెవులకేం’ అనుకోకండి. పెద్ద శబ్దాలు వినపడుతూ, మెల్లగా పలికే హల్లులు వినపడని పిల్లలున్నారు. తరచూ జలుబు చేసే పిల్లల్లో కొందరికి కర్ణభేరి వెనక నీరు నిలిచి, మాట నీళ్లలోంచి విన్నట్టు వినిపిస్తుంది. చెవి డాక్టరు దగ్గర ఓఏఈ (లోపలి చెవి శబ్దానికి స్పందిస్తోందా అని చూసేది), టింపనోమెట్రీ (కర్ణభేరి సరిగా కదులుతోందా అని చూసేది) అనే పరీక్షలు కొద్ది నిమిషాల్లో అయిపోతాయి, నొప్పి ఉండదు. అవసరమైతే నిద్రలో ఉండగా, శబ్దం చెవి నుంచి మెదడుకు చేరుతోందా అని చూసే బెరా పరీక్ష చేస్తారు. ఆ తర్వాత పిల్లల ఎదుగుదల చూసే డాక్టరు, స్పీచ్ థెరపిస్టు.

ఈలోగా ఇంట్లో కొన్ని గమనించండి. పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూస్తున్నాడా? కావాల్సింది అడగడానికే కాకుండా, పిట్ట కనిపించినా వేలితో చూపించి మీ మొహం వంక చూస్తున్నాడా? మీరు చూపించిన వైపు చూస్తున్నాడా? బొమ్మకు అన్నం పెట్టినట్టు ఆడుతున్నాడా? ఇదివరకు వచ్చిన మాట ఏదైనా పోయిందా? ఆటిజం (నలుగురితో కలవడంలో, మాట్లాడటంలో కనిపించే ఎదుగుదల తేడా) సూచనలు ఉన్నాయేమో చూడటానికి ఇలాంటి ఇరవై ప్రశ్నలతో ఎంచాట్ అనే జాబితా ఉంది. అది 16 నుంచి 30 నెలల పిల్లలకు ఉద్దేశించింది. మీ బాబు ఇంకా ఆ గడువులోనే ఉన్నాడు, డాక్టరుతో కలిసి నింపండి. ఖర్చు భారమనిపిస్తే, పిల్లల ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే ఆర్‌బీఎస్‌కే పథకం కింద జిల్లాల్లో ఉన్న డీఈఐసీ కేంద్రాల్లో (ఎదుగుదల లోపాలను ముందే గుర్తించి చికిత్స చేసేవి) ఇవన్నీ ఉచితం. సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో మేధోపరమైన వైకల్యాలున్న వారి కోసం కేంద్ర ప్రభుత్వం నడిపే సంస్థ ఎన్ఐఈపీఐడీలో కూడా చూపించుకోవచ్చు.

ఫోన్ వల్ల ఆటిజం వస్తుందని చెప్పే వీడియోలు మీ కంటపడే ఉంటాయి. ‘వర్చువల్ ఆటిజం’ అనే జబ్బు ఏ వైద్య వర్గీకరణలోనూ లేదు. ఫోన్ ఆటిజాన్ని పుట్టించదు. అది చేసే నష్టం వేరు. పిల్లాడు కూత పెడితే అమ్మ బదులు పలకడం, మళ్లీ వాడు పలకడం, ఇలా రోజుకు వందల సార్లు జరిగితేనే మాట కుదురుతుంది. తెర ఆ వంతును మింగేస్తుంది. ‘బ్లూ’ అనగలిగిన పిల్లాడు ‘నీళ్లు’ అని అడగలేకపోవడం అందుకే. తెర వాడికి మాటలు వినిపించింది, కానీ వాడి మాటకు ఒక్కసారీ బదులివ్వలేదు.

ఇక తిండి. తెర చూస్తున్న పిల్లాడు నోరు తెరుస్తాడు, మింగుతాడు. కడుపు నిండిందా లేదా అన్న కబురు వాడికి అందదు. నమలడు కాబట్టి మెత్తగా కలిపి పెట్టాల్సి వస్తుంది, మెత్తగా పెట్టేకొద్దీ నమలడం ఇంకా ఆలస్యమవుతుంది. అయితే ఫోన్ తీసేసే ముందు తేల్చుకోవాల్సింది మరొకటి ఉంది. అసలు వాడికి ఆకలి వేస్తోందా?

మూడు రోజులు వాడి నోట్లోకి వెళ్లిందంతా కాగితం మీద రాయండి. పాలు ఎన్ని మిల్లీలీటర్లు, బిస్కెట్లు ఎన్ని, జ్యూస్ ఎంత, నిద్రలో సీసా పడుతోందా, అన్నీ. ఈ వయసుకు రోజుకు 400 నుంచి 500 మిల్లీలీటర్ల పాలు చాలు. 800 దాకా తాగే పిల్లాడికి మధ్యాహ్నం అన్నం మీద ఆసక్తి ఉండదు. పైగా పాలలో ఐరన్ చాలా తక్కువ. ఐరన్ తగ్గితే ఆకలి ఇంకా చస్తుంది. కాబట్టి డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు హిమోగ్లోబిన్ కూడా చూడమని అడగండి. సీసా మానిపించి గ్లాసుకు మార్చండి, దానితోనే పాలు తగ్గుతాయి. తిండికీ తిండికీ మధ్య రెండున్నర, మూడు గంటల ఎడం ఉంచి, ఆ మధ్యలో మంచినీళ్లే ఇవ్వండి.

కొలత విషయంలో పెద్దవాళ్లు పొరబడతారు. ఈ వయసు పిల్లలకు ఒక్కో పదార్థం రెండు మూడు పెద్ద చెంచాలు చాలు. చిన్న కప్పు పప్పన్నం, కాస్త నెయ్యి, రెండు చెంచాల కూర, అదే భోజనం. పెద్ద గిన్నె నిండా కలిపి, అది ఖాళీ అయ్యేదాకా పెట్టాలనుకున్నప్పుడే ఫోన్ అవసరమవుతుంది.

ఫోన్ మాన్పించడం ఒక్క పూటతో మొదలుపెట్టండి. వాడికి బాగా ఆకలేసే పూట, ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్లుండే పూట ఎంచుకోండి. చాలా ఇళ్లలో అది పొద్దుటి టిఫిన్. రాత్రి భోజనంతో మొదలుపెట్టొద్దు, నిద్రమత్తులో పంతం పెరుగుతుంది. శనివారం మొదలుపెడితే రెండు రోజులు అందరూ ఉంటారు. వాడికి వేరే కంచం పెట్టి, మీతోపాటే కింద కూర్చోబెట్టి, అందరూ అదే ఇడ్లీ తినండి. సగం ఇడ్లీ ముక్కలు చేసి వాడి ముందు పెట్టండి. చేత్తో నలిపినా, మీద పోసుకున్నా ఊరుకోండి, కింద పాత పంచె పరిస్తే సరిపోతుంది. పాతిక నిమిషాలు చూసి, తిన్నా తినకపోయినా కంచం తీసేయండి. బతిమాలడం వద్దు, తిట్టడం వద్దు. మళ్లీ తిండి తర్వాతి వేళకే. గంటలోపు బిస్కెట్ ఇచ్చారా, పొద్దున చేసిందంతా వృథా.

మొదటి మూడు నాలుగు రోజులు తక్కువ తింటాడు, ఎక్కువ ఏడుస్తాడు. ఇంతకాలం ఏడిస్తే ఫోన్ వచ్చింది కాబట్టి, రాకపోయేసరికి ఇంకా గట్టిగా ఏడిస్తే వస్తుందేమోనని చూస్తాడు. నలభయ్యో నిమిషంలో మీరు కరిగి ఇచ్చేస్తే, నలభై నిమిషాలు ఏడవాలన్న పాఠం నేర్చుకుంటాడు. అందుకే ఇంట్లో ముగ్గురూ ఒకే మాట మీద ఉండలేని రోజున మొదలుపెట్టకండి. తల కొట్టుకోబోతే నేల మీద నుంచి ఎత్తి బొంత మీదకో మీ ఒడిలోకో తీసుకోండి. తలకింద చెయ్యి పెట్టి, ఒకటే మాట నెమ్మదిగా అనండి: ‘కోపం వచ్చింది. నేనున్నాను.’ అంతకుమించి ప్రసంగం వద్దు, ఫోన్ అసలే వద్దు. ఏడుస్తున్న నోట్లో మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ ముద్ద పెట్టకూడదు. పడుకోబెట్టి కుక్కడం అంతకన్నా ప్రమాదం. ఊపిరి పీల్చుకునేటప్పుడు మెతుకు ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

బరువు ఇప్పటికే తక్కువ ఉంటే డాక్టరును అడిగాకే ఇదంతా. మొదలుపెట్టాక ఎనిమిది గంటలు మూత్రం పోయకపోయినా, నీరసంగా వాలిపోతున్నా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ముక్క తగిలితే చాలు డోకుతున్నా, మొత్తం మీద ఐదారు పదార్థాలే తింటున్నా అది మొండితనం కాకపోవచ్చు, థెరపిస్టుకు చెప్పండి. మొదటి పూట ఒక వారం నిలబడ్డాక రెండో పూటకు వెళ్లండి.

ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2021లో ఇచ్చిన సూచనల ప్రకారం రెండు నుంచి ఐదేళ్ల పిల్లలకు రోజుకు గంట మించి తెర వద్దు, అదీ పెద్దవాళ్లు పక్కన ఉండి చూపించాలి. భోజనం దగ్గర, నిద్రకు ముందు గంటసేపు అసలే వద్దు. తెనాలిలోని తాతయ్యతో వీడియో కాల్ వేరు సంగతి, అక్కడ వాడి పలుకుకు బదులు పలికే మనిషి ఉన్నాడు. అది ఆపకండి. తినేవేళ మీ ముగ్గురి ఫోన్లూ వాడికి అందని అలమర మీద ఉండాలి. మీరు ఒకచేత్తో ఆఫీసు మెసేజ్ చూస్తూ రెండోచేత్తో ముద్ద పెడితే వాడు నమ్మడు.

ఇప్పుడు అత్తయ్య. సాయంత్రం లాప్‌టాప్ మూసి గదిలోంచి బయటికి రాగానే మీరు అడిగే మొదటి ప్రశ్న ఏమిటో గుర్తుచేసుకోండి. ‘బాబు తిన్నాడా? ఎంత తిన్నాడు?’ రోజూ ఆ ప్రశ్నకు ఆవిడ జవాబు చెప్పుకోవాలి. గిన్నె ఖాళీ అయితేనే తను బాగా చూసుకున్నట్టు. పంతం పట్టిన పిల్లాడి ముందు, తొమ్మిదో అంతస్తులో, పక్క ఫ్లాట్‌లో ఎవరున్నారో తెలియని చోట, ఒంటరిగా కూర్చున్న మనిషి ఫోన్ తీయక ఏం చేస్తుంది? తెనాలిలో అయితే వీధి గుమ్మంలో కూర్చుంటే వచ్చేపోయే వాళ్లు పలకరిస్తారు, నలుగురు పిల్లలు చేరతారు, పెద్దావిడకు కాసేపు నడుం వాల్చే వీలుంటుంది. ఇక్కడ ఆ నలుగురి పనీ ఆవిడ ఒక్కరి నెత్తినే పడింది. ఫోన్ ఆవిడ కనిపెట్టింది కాదు, మీ ఇంట్లో ఉన్నదే. మీ మాట ఆవిడకు తగిలింది న్యాయంగానే.

క్షమాపణ మీరే చెప్పాలి, మీవారితో చెప్పించొద్దు. ‘కానీ’ లేకుండా చెప్పండి. ‘అత్తయ్యా, ఆ రోజు నేనన్నది తప్పు. మీరు లేకపోతే నా ఉద్యోగం సాగేది కాదు. ఇకమీదట వాడు తినకపోతే మిమ్మల్ని ఎవరూ అడగరు. డాక్టరు దగ్గరికి మీరూ రండి, ఏం చేయాలో కలిసి వినుకుందాం.’ ఇంతే చాలు. ఆ తర్వాత సాయంత్రం ప్రశ్న మార్చండి. ‘ఇవాళ ఏం ఆడారు?’ అనండి. పది రోజుల్లో ఆ ఇంటి గాలి మారుతుంది.

నిందతోపాటు ఆవిడ మీద పని కూడా తగ్గాలి. మీ ఉత్తరంలో మీవారు ఒక అభిప్రాయం చెప్పడం తప్ప ఇంకేం చేస్తున్నట్టూ కనపడలేదు. రాత్రి భోజనం, స్నానం, నిద్ర పుచ్చడం ఆయనకు అప్పగించండి. మధ్యాహ్నం రెండు గంటలు అత్తయ్యకు పూర్తిగా విశ్రాంతి ఉండాలి. నమ్మకమైన సహాయకురాలిని పెట్టుకుంటారో, ఇంటి నుంచి పనిచేసే రోజుల్లో మీరిద్దరూ వంతులు వేసుకుంటారో తేల్చుకోండి. 50 మంది, ఆపైన ఉద్యోగులున్న సంస్థ శిశు సంరక్షణ కేంద్రం సదుపాయం కల్పించాలని, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకోవచ్చని 2017లో ప్రసూతి ప్రయోజన చట్టానికి చేసిన సవరణతో నియమం వచ్చింది. మీ ఆఫీసు హెచ్‌ఆర్‌ను అడగండి. అడగనివాళ్లే ఎక్కువ. సాయంత్రం ఐదు నుంచి ఆరు దాకా బాబును కింద ఆటస్థలానికి తీసుకెళ్లండి. అక్కడ మిగతా నానమ్మలు, అమ్మమ్మలు కలుస్తారు. ఆవిడకూ అది కావాలి.

మాట నేర్పడంలో మీ ముగ్గురిలో ఎక్కువ సత్తా ఉన్నది అత్తయ్యకే. బఠాణీలు వలిచేటప్పుడు పక్కన కూర్చోబెట్టుకుని ‘వలువు, వెయ్యి, అయిపోయింది’ అంటూ ఆవిడ మామూలు తెలుగులో మాట్లాడితే చాలు. (గింజలు నోట్లో పెట్టుకోకుండా కనిపెట్టి ఉండాలి.) రెండు చేతుల్లో రెండు గిన్నెలు చూపించి ‘పెరుగా? పప్పా?’ అని అడిగి, లోపల పదిదాకా లెక్కపెట్టుకునేంత సేపు ఆగాలి. ఆ ఆగడమే కష్టం, మనమే తొందరపడి జవాబు చెప్పేస్తాం. వాడు ‘పె’ అన్నా చాలు, ‘ఆ, పెరుగు’ అని వెంటనే ఇచ్చేయండి. ‘చెప్పు, చెప్పు’ అని నిలదీయొద్దు. ఇంట్లో తెలుగు, బయట ఇంగ్లిష్ వినడం వల్ల మాటలు ఆలస్యం కావు, ఆ భయంతో ఆవిడను ఇంగ్లిష్ మాట్లాడమనకండి.

ఈ వారమే అపాయింట్‌మెంట్ తీసుకోండి. వెళ్లేముందు బాబు ఇంట్లో మామూలుగా ఆడుకుంటున్నప్పుడు, తింటున్నప్పుడు రెండేసి నిమిషాల వీడియోలు తీసి ఉంచండి. ఆసుపత్రిలో కొత్త మొహాలు చూసి ఏడుస్తూ కూర్చుంటే డాక్టరుకు ఏమీ తెలియదు. మూడు రోజుల తిండి కాగితం, టీకాల పుస్తకం, బరువు నమోదులు పట్టుకెళ్లండి. వరుసలో కూర్చున్నంతసేపు చేతికి ఇవ్వడానికి చిన్న బంతి, రెండు గిన్నెలు, మూతలు సంచిలో వేసుకోండి. అత్తయ్యను తప్పకుండా వెంట తీసుకెళ్లండి. పగలంతా వాడు ఎప్పుడు పలికాడు, దేనికి తిరిగి చూశాడు, ఏ ముద్ద ఉమ్మేశాడు అని డాక్టరు అడిగితే చెప్పగలిగేది ఆవిడే.