పెరియార్ సరస్సు ఒడ్డున సొంత టెంటు వేసుకోవచ్చా? విశాఖ నుంచి వెళ్లేవారికి నా జవాబు

సంక్రాంతి సెలవుల్లో పదకొండేళ్ల పాపతో, ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతున్న పదహారేళ్ల బాబుతో విశాఖపట్నం నుంచి బయలుదేరి, కేరళలోని పెరియార్ జాతీయ ఉద్యానవనంలో సరస్సు పక్కనే సొంత టెంటు వేసుకుని రెండు రాత్రులు గడపాలనుకుంటున్నామని, అందుకు ఎలా సిద్ధం కావాలో చెప్పమని మీరు అడిగారు. సరస్సు దగ్గర అడవిలో రాత్రి గడపడం సాధ్యమే. అయితే సొంత టెంటుతో వీలుపడదు, సంక్రాంతికి వెళ్లడం మంచిది కాదు, నలుగురూ ఒకే టెంటులో ఉండటం కూడా బహుశా కుదరదు. మేము కుటుంబంతో వెళ్లివచ్చిన అనుభవంతో ఈ మూడింటికీ కారణాలు, వాటికి తగిన ఏర్పాట్లు రాస్తున్నాను.

మొదట చట్టం సంగతి తెలుసుకోవాలి, ఎందుకంటే ప్రయాణం మొత్తం దానిమీదే ఆధారపడి ఉంటుంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అభయారణ్యంలోకైనా జాతీయ ఉద్యానవనంలోకైనా పర్యాటకులు అటవీశాఖ అనుమతితోనే ప్రవేశించాలి, అడవికి ప్రమాదం కలిగేలా నిప్పు రాజేయడం నేరం. పెరియార్ 1950లో అభయారణ్యంగా, 1978లో పులుల రక్షిత ప్రాంతంగా ప్రకటితమైంది. 1982లో అందులోని కీలక భాగాన్ని జాతీయ ఉద్యానవనం చేశారు. మొత్తం విస్తీర్ణం 925 చదరపు కిలోమీటర్లు. నచ్చిన చోట టెంటు వేసుకోవడం, మూడు రాళ్లు పెట్టి వండుకోవడం, చలిమంట చుట్టూ కూర్చుని అంత్యాక్షరి ఆడుకోవడం వంటివేవీ అక్కడ మన ఇష్టం మీద జరగవు. మనవాళ్లు చాలామంది ముందు రైలు టికెట్లు, తరువాత హోటల్, చివరికి అక్కడికి చేరాక అడవి అనుమతి అనే వరుసలో వెళ్తారు. మీరు ఈ వరుసను పూర్తిగా తిరగేయాలి. అనుమతి దొరికిన తేదీ ఖాయమయ్యాకే మిగతావన్నీ చూసుకోండి.

మీరు కోరుకుంటున్న దానికి దగ్గరగా ఉన్నది అటవీశాఖ నడిపే పెరియార్ టైగర్ ట్రయిల్. ఒక రాత్రి లేదా రెండు రాత్రులు అడవిలో నడుస్తూ టెంట్లలో పడుకునే కార్యక్రమం ఇది. ఒక్కో జట్టులో చాలా కొద్దిమందినే తీసుకుంటారు, కాబట్టి సీట్లు త్వరగా అయిపోతాయి. టెంట్లు, స్లీపింగ్ బ్యాగులు, వంట సరుకులు వాళ్లవే. దారి చూపేవారి సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. వీరిలో చాలామంది ఒకప్పుడు ఇదే అడవిలో దొంగచాటుగా దాల్చిన జాతి చెట్ల బెరడు ఒలిచి అమ్ముకున్నవారు, వేటలో పాల్గొన్నవారు. 1990ల చివర్లో పర్యావరణాభివృద్ధి పథకం కింద అటవీశాఖ వారిని ఒక సంఘంగా ఏర్పరచి, గస్తీ పనినీ, పర్యాటకుల బాధ్యతనూ అప్పగించింది. అటవీ అధికారుల కళ్లుగప్పడానికి నేర్చుకున్న దారులే ఇప్పుడు అడవిని కాపాడటానికి పనికొస్తున్నాయి. జట్టు వెంట తుపాకీ ఉన్న అటవీ రక్షకుడు కూడా వస్తాడు. ఆ అడవి గురించి నేను తెలుసుకున్నదంతా వీళ్ల వెనక నడుస్తూ తెలుసుకున్నదే. పేడను చూసి ఏనుగు ఎంతసేపటి కిందట వెళ్లిందో చెప్పగల మనిషి పక్కన ఉంటే చేతిలో పుస్తకం అవసరం ఉండదు.

సరస్సు గురించి కొంచెం తెలుసుకుని వెళ్తే అక్కడ కనిపించేదంతా బాగా అర్థమవుతుంది. అది సహజంగా ఏర్పడిన సరస్సు కాదు. పెన్నీక్విక్ అనే ఇంజనీరు ఆధ్వర్యంలో కట్టిన ముళ్లపెరియార్ ఆనకట్ట 1895లో పూర్తయ్యాక నది నీరు లోయల్లోకి ఎగదన్ని, దాదాపు 26 చదరపు కిలోమీటర్ల మేర నిలిచిపోయింది. అప్పుడు మునిగిన చెట్ల మోళ్లు నేటికీ నీటిలో నల్లగా నిలబడి ఉన్నాయి, నీటికాకులు వాటిమీద రెక్కలు ఆరబెట్టుకుంటూ కనిపిస్తాయి. ఆనకట్ట ఉన్నది కేరళలో, కానీ నీరు కొండను తొలిచిన సొరంగం గుండా తమిళనాడు వైపు, వైగై నదీ ప్రాంతంలోని పొలాలకు వెళ్తుంది. ఇందువల్ల పర్యాటకులకు ఒక సౌకర్యం కలిగింది. వానలు తగ్గాక నీటిమట్టం తగ్గుతూ పోయే కొద్దీ ఒడ్డు బయటపడి, దానిమీద లేత గడ్డి మొలుస్తుంది. లోపలి వాగులు ఎండే కాలంలో నీటికోసం, ఈ గడ్డికోసం ఏనుగులు, అడవిదున్నలు, కణుజులు ఒడ్డుకు దిగుతాయి. అందుకే నిండు వానాకాలంలో సరస్సు ఎంత అందంగా ఉన్నా జంతువులు అంతగా కనబడవు. పులి కనబడుతుందని మాత్రం పిల్లలకు మాట ఇవ్వకండి. గుర్తులు కనిపిస్తే అదే అదృష్టం.

టైగర్ ట్రయిల్ రాత్రి ఎలా ఉంటుందో మీ బాబుకు ముందే చెప్పి ఒప్పించండి. రోజంతా నడక ఉంటుంది, ఎక్కుడూ దిగుడూ ఉంటాయి, మన సామాను మనమే మోసుకోవాలి. భోజనం అన్నం, సాంబారు వంటి సాదా శాకాహారం. మరుగుదొడ్డి అంటే అడవే. ఫోన్ సిగ్నల్ ఉంటుందని ఆశ పెట్టుకోవద్దు. చీకటి పడ్డాక గైడ్లు వంతులవారీగా మేలుకుని కాపలా ఉంటారు, వారిని పిలవకుండా టెంటు జిప్పు కూడా తీయవద్దని చెబుతారు. మేము వెళ్లినప్పుడు సరస్సు అవతలి ఒడ్డున కొమ్మలు విరుగుతున్న చప్పుడు చాలాసేపు వినిపించింది. మా పెద్దవాడు టార్చి వేయబోతే గైడ్ చేయి పట్టుకుని ఆపాడు, వెలుగు మనకు ధైర్యమిస్తుందే గానీ ఏనుగుకు చిరాకు కలిగిస్తుందని తరువాత నెమ్మదిగా వివరించాడు.

పదకొండేళ్ల పాపను ఇందులోకి తీసుకెళ్లాలని ప్రయత్నించకండి. ఇటువంటి కార్యక్రమాలకు వయసు నిబంధనలు ఉంటాయి కాబట్టి బుకింగ్ సమయంలోనే బాబు వయసు కూడా చెప్పి, అనుమతి ఉందో లేదో ఖాయం చేసుకోండి. మేము చేసిన ఏర్పాటు మీకూ పనికొస్తుంది. నేను, మా పెద్దవాడు, మా బావమరిది ట్రయిల్‌కు వెళ్లాం. మా ఆవిడ, చిన్నమ్మాయి అడవి పక్కనే ఉన్న ఊరు కుమిళిలో అటవీశాఖ వారి వెదురు కుటీరాల్లో ఉండి, పగటిపూట ప్రకృతి నడకకు, పడవ షికారుకు వెళ్లారు. తరువాత రోజు అందరం కలిసి తిరిగాం. పెద్దవాళ్లకు వెదురు తెప్పల ప్రయాణం కూడా ఉంది. పొద్దున్నే నడిచి సరస్సు చేరుకుని, తెప్పల మీద నీళ్లు దాటి, సాయంత్రానికి తిరిగి వచ్చే కార్యక్రమం అది. బాబుకు ట్రయిల్‌లో చోటు దొరకకపోతే దీనికి అడగండి. నడుము నొప్పి ఉన్న పెద్దవారు వెంట ఉంటే, సరస్సు మధ్య ఎడపాళయంలో తిరువాంకూరు రాజుల వేసవి విడిది ఇప్పుడు కేరళ పర్యాటక సంస్థ హోటల్‌గా ఉంది. ఖర్చు ఎక్కువే, కానీ సరస్సు దగ్గర రాత్రి గడపాలన్న కోరిక ఏ శ్రమా లేకుండా తీరుతుంది.

పడవ షికారు విషయంలో ఒక్క మాట. 2009 సెప్టెంబరు 30న ఈ సరస్సులోనే పడవ బోల్తాపడి 45 మంది మరణించారు. లైఫ్ జాకెట్ తొడుక్కోమంటే ఫొటోలు బాగా రావని విసుక్కునేవారిని నేను అక్కడ చూశాను. ఏనుగు కనబడగానే అందరూ ఒకవైపుకు లేచి ఒరగడం సహజంగా జరిగిపోతుంది, కాబట్టి పిల్లలకు కూర్చున్న చోటి నుంచి కదలవద్దని ఎక్కకముందే చెప్పండి.

ఇక సంక్రాంతి ఎందుకు వద్దంటున్నానంటే, శబరిమల ఈ పులుల రక్షిత ప్రాంతం పశ్చిమ భాగంలోనే ఉంది. నవంబరు మధ్యలో మొదలయ్యే మండల దీక్షాకాలం నుంచి మకరజ్యోతి తరువాత కొద్దిరోజుల దాకా కుమిళి, వండిపెరియార్ దారులు అయ్యప్ప భక్తుల వాహనాలతో నిండిపోతాయి, అందులో మన రాష్ట్రాల నంబరు ప్లేట్లు తక్కువేమీ కాదు. మకరజ్యోతి సరిగ్గా మీ సెలవుల మధ్య, జనవరి 14 ప్రాంతంలో వస్తుంది. 2011లో అదే రోజు శబరిమల దగ్గరి పుల్లుమేడు వద్ద జరిగిన తొక్కిసలాటలో వందమందికి పైగా చనిపోయారు. ఆ రోజుల్లో గదులు దొరకవు, బస్సుల్లో నిలబడే చోటు ఉండదు, విశాఖ నుంచి కేరళ వెళ్లే రైళ్లలో వెయిటింగ్ లిస్టు కదలదు. మాల వేసుకుని స్వామి దర్శనానికి వెళ్లేవారి ప్రయాణం వేరు, మీ ప్రయాణం వేరు. రెంటినీ ఒకే వారంలో పెట్టుకోకండి.

దసరా సెలవులు కూడా నాకు నచ్చవు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి వానలు, ఆ వెంటనే అక్టోబరు, నవంబరుల్లో ఈశాన్య వానలు ఉంటాయి కాబట్టి అడవి నేలంతా జలగల మయంగా ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో జంతువులు బాగా కనబడతాయి గానీ మధ్యాహ్నం ఉరుములతో వాన పడుతుంది, ఎండలు ముదిరి అడవికి నిప్పు ప్రమాదం ఉన్నప్పుడు నడకలు ఆపేసే అవకాశం కూడా ఉంది. ఫిబ్రవరి అన్నివిధాలా మంచిదే, కానీ మీ బాబుకు పరీక్షల హడావిడి మొదలవుతుంది. కాబట్టి మీ కుటుంబానికి జనవరి చివరి వారమే సరైనది. గణతంత్ర దినోత్సవం సెలవుకు వచ్చే జనం తగ్గాక, పని దినాల్లో వెళ్లండి. పాప బడి నాలుగు రోజులు పోతుంది, అంతకంటే నష్టం లేదు.

ప్రయాణానికి రెండు దారులు ఉన్నాయి. మొదటిది ఎర్నాకుళం లేదా కొట్టాయం దాకా రైలు, అక్కడి నుంచి కుమిళికి బస్సు. కొట్టాయం నుంచి దాదాపు 110 కిలోమీటర్లు, మలుపుల ఘాట్ రోడ్డు. పాపకు వాంతులయ్యే అలవాటు ఉంటే మాత్ర ముందే వేయండి. కేరళ వైపు వెళ్లే కొన్ని రైళ్లు విశాఖ స్టేషన్‌కు రాకుండా దువ్వాడ మీదుగా వెళ్లిపోతాయి, కాబట్టి టికెట్ మీద ఎక్కే స్టేషన్ పేరు చూసుకోండి. రెండవది చెన్నై మీదుగా తమిళనాడు వైపు నుంచి. చెన్నై నుంచి బోడినాయకనూరుకు 2023 జూన్‌లో రైలు మొదలైంది. అది వారంలో కొన్ని రోజులే నడుస్తుంది. ఆ రైలు దారిలో తేనిలో దిగితే కంబం, గూడలూరు మీదుగా కుమిళి దగ్గరే, ఆ ఘాట్‌లో సరస్సు నీటిని విద్యుత్కేంద్రానికి దింపే పెద్ద గొట్టాలు కూడా కనిపిస్తాయి. నాకు ఈ రెండవ దారే నచ్చింది. చెన్నైలో ఒక పూట ఆగి స్నానం, భోజనం కానిచ్చుకోవచ్చు. రైలు రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందే తెరుచుకుంటోంది కాబట్టి అంతకుముందే అటవీశాఖ వారితో తేదీ మాట్లాడి ఉంచుకోండి.

సామాను తక్కువగా ఉండాలి. ఖాకీ, ముదురాకుపచ్చ, గోధుమ రంగు బట్టలే మంచివి. తెలుపు, ఎరుపు వద్దు, సెంటు అసలే వద్దు. జలగల మేజోళ్లు అక్కడే ఇస్తారు, అయినా ఉప్పు మూట ఒకటి జేబులో ఉండాలి; పట్టిన జలగను గుంజకుండా ఉప్పు అద్దితే దానంతటదే రాలిపోతుంది. లోపల ప్లాస్టిక్ నిషేధం, కాబట్టి మంచినీళ్లకు స్టీలు సీసాలు తీసుకెళ్లండి. ఇంటి నుంచి జంతికలు, చేగోడీలు, పులిహోర రైలు వరకే. పడవల రేవు దగ్గర కోతులు సంచి చప్పుడు వింటే చాలు, వచ్చి లాక్కుంటాయి. చలి గురించి భయపడనక్కరలేదు. కుమిళి సముద్ర మట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉంది. లంబసింగిలో డిసెంబరు తెల్లవారుజామును చూసినవారికి ఒక స్వెట్టరు, చెవులకు మఫ్లరు సరిపోతాయి.

కుమిళి చుట్టుపక్కల ఏలకుల తోటల్లో ప్రైవేటువారు టెంట్లు వేసి అద్దెకిస్తారు కదా, సొంత టెంటు అక్కడ వేసుకోవచ్చా అని మీకు అనిపించవచ్చు. అడవి అంచున ఉన్న తోటలో గుడ్డ టెంటులో పిల్లలతో పడుకోవడాన్ని నేను సమర్థించను. 2021 జనవరిలో వయనాడ్‌లో అలాంటి టెంట్ల విడిదిలోనే ఒక పర్యాటకురాలిని ఏనుగు చంపింది. టైగర్ ట్రయిల్‌లో కూడా ఉండేది గుడ్డ టెంటే అయినా చుట్టూ అడవి తెలిసినవారు, తుపాకీ ఉన్న రక్షకుడు, రాత్రంతా కాపలా ఉంటాయి. తోటల్లో ఇవేమీ ఉండవు.

మీరు కొన్న టెంటును అటకెక్కించనవసరం లేదు. డిసెంబరులో ఒక శనివారం లంబసింగి తీసుకెళ్లి, తాజంగి జలాశయం పరిసరాల్లో టెంట్లకు స్థలం అద్దెకిచ్చే వారి దగ్గర నలుగురూ ఒక రాత్రి పడుకుని చూడండి. నేల మీద పడుకోవడం, తెల్లవారే సరికి టెంటు గుడ్డంతా మంచుతో తడవడం, చీకట్లో చెప్పులు వెతుక్కోవడం పిల్లలకు అక్కడే అలవాటవుతాయి. ఆ రాత్రి గడిచాక కూడా బాబు పెరియార్ వెళ్దామంటే ట్రయిల్‌కు పేరు ఇవ్వండి, వద్దంటే నలుగురికీ వెదురు కుటీరాలే తీసుకోండి.