కొడుకా, ముందు ఆ పట్టా నీ పేరు మీదికి తెచ్చుకో

నువ్వు హైదరాబాద్ల నౌకరి ఇడిచిపెట్టి దేవరకొండ దిక్కు మన నాలుగెకరాల్ల పత్తి పెడతవట, మీ అమ్మ ఫోన్ చేసి ఒకటే ఏడుపు. నాకైతే ఏడుపు రాలే, మా తమ్ముని చేన్ల మల్ల మా ఇంటి పిల్లగాడే అడుగు పెడుతుండంటే ఆ రాత్రి సంబురానికి నిద్ర పట్టలే. భయం సుత ఉన్నది, అందుకే ఇదంత రాస్తున్న, ఓపికతోని సదువు.

రైతు భరోసా ఎకరానికి పంటకు 6 వేలు, ఏడాదికి 48 వేలు వస్తయని అమ్మకు లెక్క చెప్పినవట. వస్తయి, కాని పట్టా ఎవరి పేరు మీద ఉంటే వాళ్లకే వస్తయి. ఆ భూమి ఇయ్యాల్టికి, చనిపోయిన మీ తాత పేరు మీదనే ఉన్నది.

ఈ భరోసాకు ముందు రైతుబంధు ఉండె. 2018 మే నెలల మొదటిసారి దాని చెక్కులిచ్చిండ్రు, అప్పుడు పంటకు ఎకరానికి 4 వేలు. మా నాయన తెల్ల ధోతి కట్టుకొని పోయి చెక్కు తెచ్చి దేవుని పటం కాడ పెట్టిండు. ఎవుసం చేసేది మాత్రం మీ నాయన. పండుగకు వచ్చినప్పుడల్ల వాని పేరు మీద రాయి నాయనా అనేదాన్ని, నా పానం ఉండంగనే పంచుకుంటరా అని కోపానికొచ్చేటోడు. మీ నాయనేమో ఎవరి పేరు మీదుంటే ఏందక్కా, పైసలు ఇంట్లకే వస్తున్నయి గదా అనేటోడు. అదే ఏడు ఆగస్టుల రైతు బీమా పెట్టిండ్రు, 18 నుంచి 59 ఏండ్ల పట్టాదారు చనిపోతే ఇంటోళ్లకు 5 లక్షలు. మీ తాతకు వయసు దాటింది, మీ నాయనకు పట్టా లేదు. తర్వాత బోరు మోటరు కాడ కరెంటు కొట్టి మా తమ్ముడు పోయినప్పుడు ఏఈవో, అదే వ్యవసాయ విస్తరణ అధికారి, ఇంటికొచ్చి పాస్‌బుక్ అడిగిండు, తెరిచి మీ తాత ఫోటో చూసిండు, ఏమనకుండ మూసి మీ అమ్మ చేతిల పెట్టిండు. నీ కాలేజీ ఫీజుకు మీ అమ్మ పుస్తెలతాడు కుదువ పెట్టింది ఆ ఏడే, నీకు చెప్పొద్దన్నది, నేను చెప్తున్న.

అందుకే విత్తనాలు తర్వాత, ముందు విరాసత్, అంటే వారసుల పేరు మీదికి పట్టా మార్పిడి, చేయించు. మీసేవల స్లాట్ బుక్ చేసి, తాత డెత్ సర్టిఫికెట్ పట్టుకొని తహశీల్దార్ ఆఫీసుకు పో. భూమి రికార్డులకు ధరణి పోయి 2025ల భూభారతి వచ్చినంక వారసులకు నోటీసులిచ్చి విచారణ చేస్తున్నరు, టైం పడుతది. నేను చేపిస్త, ఇంత ఇయ్యి అని ఎవడన్న వెంటపడితే వానికి రూపాయి ఇయ్యకు. పాస్‌బుక్ రాంగనే ఏఈవోను కలిసి రైతు బీమా ఫారం నింపు, నామినీ అమ్మ. చావు మాట ఎందుకు అత్తా అనకు కొడుకా, నువ్వు నూరేండ్లు బతకాలె. తడి చేతులతోని స్టార్టర్ డబ్బా ముట్టితివా నా అంత చెడ్డది ఉండదు, తెల్లారకముందు చీకట్ల ఒక్కనివే మోటరు కాడికి పోకు, ఎర్తింగ్ కొత్తగ వేయించు.

బ్యాంక్ ఖాతాకు ఆధార్ లింక్ ఉన్నదో లేదో చూసుకో.

కేంద్రం ఏడాదికి ఇచ్చే పీఎం కిసాన్ 6 వేలకు మాత్రం ఇప్పుడే తొందరపడకు. 2019 ఫిబ్రవరి 1 తర్వాత భూమి కొన్నోళ్లకు అది రాదు, వారసత్వంగ వచ్చినోళ్లకు వస్తది, కాని నువ్వు పోయిన ఏడు ఇన్‌కంటాక్స్ కట్టినవు గదా, కట్టినోళ్లకు ఇయ్యరు. తెల్వక తీసుకున్నోళ్ల దగ్గర వాపస్ వసూలు చేసిండ్రు.

ఇంకోటి, ఈ భరోసా పైసలు నమ్ముకొని షావుకారి కాడ డీఏపీ ఉద్దెర తేకు. 2024 వానాకాలం పైసలు పడనేలే, మృగశిర ఎవరి కోసం ఆగదు. మొదటేడు పెట్టుబడికి జీతంల మిగిలింది పక్కకు పెట్టుకో, తక్కువ పడితే నన్నడుగు, బయట అడగకు. ఇన్నేండ్లు కౌలు చేసినాయన సుత ఉన్నడు, ఆయనకు ఏ భరోసా పైసలూ రాలే, పత్తి ఆఖరి ఏరుడు అయ్యేదాక చేను అడగకు.

వారసుల్ల నేను సుత ఉన్న, నా సంతకం కావాలె. నాకు ఆ చేన్ల వాటా వద్దు, మీ మామకు ఎప్పుడో చెప్పిన. స్లాట్ తేదీ రాంగనే ఫోన్ చెయ్యి, ఒకరోజు ముందే వస్త, మా ఊరి కరెంటు పని చేసే పిల్లగాన్ని సుత వెంట తెస్త.