కేబుల్ బ్యారియర్‌కు కారు గుద్దుకుంది: బిల్లు ఎవరు కట్టాలి?

ప్రశ్న: మాది గుత్తి. పోయిన వారం మా బామ్మర్ది నా కారులో అనంతపురం నుంచి వస్తుంటే, ముందు పోతున్న లారీ ఇండికేటర్ వేయకుండా కుడి లైనులోకి వచ్చింది. తప్పించబోయి కారు హైవే డివైడర్‌లోని ఇనుప తాళ్ళ బ్యారియర్‌కు గుద్దుకుంది. లారీ ఆగలేదు. కారులో ఉన్నవాళ్ళకు చిన్న దెబ్బలే తగిలాయి. రోడ్డు నిర్వహణ చూసే కంపెనీవాళ్ళు కారును తమ యార్డులో పెట్టుకుని రూ.2,86,000 కడితేనే ఇస్తామంటున్నారు. బిల్లులో 14 పోస్టులు, ఒక్కొక్కటి 120 మీటర్ల చొప్పున 4 తాళ్ళు, బిగింపు కూలి, రూ.25,000 పెనాల్టీ రాశారు. ‘తప్పు మాదే’ అనే కాగితం మీద సంతకం అడుగుతున్నారు. లేకుంటే ప్రభుత్వ ఆస్తి ధ్వంసం కేసు పెడతారంట. కారుకు ఫుల్ ఇన్సూరెన్స్ ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: ఆ కాగితం మీద సంతకం పెట్టొద్దు, డబ్బూ కట్టొద్దు. మీ పాలసీ షరతుల్లో ఒకటి ఇలా ఉంటుంది: ఇన్సూరెన్స్ కంపెనీ రాతపూర్వక అనుమతి లేకుండా మీరు తప్పు ఒప్పుకోకూడదు, ఎవరికీ డబ్బు ఇస్తామని మాట ఇవ్వకూడదు. కారు త్వరగా బయటికి వస్తుందని చాలామంది అక్కడే సర్దుబాటు చేసుకుంటారు. ఆ తర్వాత ఇన్సూరెన్స్‌వాళ్ళు ఈ షరతే చూపించి చేతులెత్తేస్తారు.

బ్యారియర్ నష్టం మీ థర్డ్ పార్టీ కవరులోకే (మీ కారు వల్ల ఇతరులకు జరిగిన నష్టానికి ఇచ్చే రక్షణ) వస్తుంది. మోటారు వాహనాల చట్టం, 1988లోని 145వ సెక్షన్ ‘ఆస్తి’ అనే మాటలోకి రోడ్లు, వంతెనలు, కల్వర్టులు, చెట్లు, స్తంభాలు, మైలురాళ్ళను చేర్చింది. ప్రైవేటు కారుకు ఈ కవరు మామూలుగా రూ.7.5 లక్షల దాకా ఉంటుంది. కాని మీ పాలసీ షెడ్యూల్ తీసి ‘ఐఎంటీ 20’ అనే నంబరు ఉందేమో చూడండి. కొద్దిపాటి ప్రీమియం తగ్గింపు కోసం ఏజెంటు దాన్ని పెట్టి ఉంటే కవరు రూ.6,000కే పడిపోతుంది, మిగతాది మీ జేబులోంచే. అది లేకపోతే, మీ బామ్మర్ది లైసెన్సు చెల్లుబాటులో ఉండి, మద్యం తాగి లేకపోతే, ఈ నష్టాన్ని తేల్చుకోవాల్సింది ఇన్సూరెన్స్ కంపెనీయే. థర్డ్ పార్టీ క్లెయిముతో మీ నో క్లెయిమ్ బోనస్ (క్లెయిము వేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) పోదు. కారు రిపేరు కోసం ఓన్ డ్యామేజ్ క్లెయిము వేస్తేనే పోతుంది.

అదే చట్టం 134వ సెక్షన్ ప్రకారం ప్రమాదం వివరాలు ఇన్సూరెన్స్ కంపెనీకి రాతపూర్వకంగా తెలపాలి. ఇప్పటికే వారమైంది, ఈరోజే ఈమెయిల్ పంపండి. పాలసీ నంబరు, తేదీ, సమయం, కిలోమీటరు రాయి నంబరు, దెబ్బలు తగిలినవాళ్ళ పేర్లు, రోడ్డు కంపెనీ ఇచ్చిన బిల్లు కాపీ ఉండాలి. కారు యార్డులో ఉన్నా ఇన్సూరెన్స్ తరఫున నష్టం లెక్కగట్టే సర్వేయరు అక్కడికే వెళ్ళి చూడవచ్చు.

ఇక కారు సంగతి. బిల్లు బాకీ ఉందని ఒక ప్రైవేటు కంపెనీ కారును ఆపుకునే అధికారం ఏ చట్టమూ ఇవ్వలేదు. సీజ్ చేసే అధికారం పోలీసులది. ప్రమాదం జరిగిన చోటు ఏ స్టేషన్ పరిధిలోకి వస్తుందో అక్కడ ఫిర్యాదు ఇచ్చి, స్టేషన్ రోజువారీ రికార్డయిన జనరల్ డైరీలో నమోదు చేయించి, రసీదు తీసుకోండి. ఒకవేళ పోలీసులే కేసు కట్టి కారును సీజ్ చేసి ఉంటే బీఎన్‌ఎస్‌ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) 503వ సెక్షన్ కింద మేజిస్ట్రేట్ కోర్టులో మధ్యంతర కస్టడీ పిటిషన్ (కేసు తేలేదాకా కారు మీకు అప్పగించమని) వేయాలి. ఆర్సీ, ఇన్సూరెన్స్, లైసెన్స్ కాపీలు జతచేయాలి.

ప్రభుత్వ ఆస్తి ధ్వంసం కేసు బెదిరింపు నిలవదు. 1984 నాటి ప్రభుత్వ ఆస్తుల చట్టమైనా, జాతీయ రహదారుల చట్టం, 1956లోని 8బి సెక్షన్ అయినా శిక్షించేది నష్టం కలిగించాలనే ఉద్దేశంతోనో, కలుగుతుందని తెలిసో చేసిన పనిని. లారీని తప్పించబోయి తాకినదాన్ని అలా చూపించలేరు. నిర్లక్ష్యంగా నడిపారని బీఎన్‌ఎస్ (భారతీయ న్యాయ సంహిత) 281 కింద కేసు మాత్రం పెట్టవచ్చు. అందుకే లారీ ఎలా అడ్డొచ్చిందో మీ ఫిర్యాదులో ముందే రాయండి.

అసలు బేరం బిల్లులో ఉంది. అక్కడ వాదించాలంటే బ్యారియర్ ఎలా కట్టారో తెలియాలి. హైటెన్షన్ కేబుల్ బ్యారియర్‌లో 3 లేదా 4 గాల్వనైజ్డ్ ఉక్కు తాళ్ళుంటాయి, ఒక్కోటి సుమారు 19 మిల్లీమీటర్ల మందం. వాటిని రెండు కొసల్లో కాంక్రీటు దిమ్మెలకు కట్టి, మధ్యలో టర్న్‌బకిళ్ళతో (తిప్పితే తాడు బిగిసే మరలు) బిగిస్తారు. 21 డిగ్రీల సెల్సియస్ ఉష్ణోగ్రత దగ్గర ఒక్కో తాడులో దాదాపు 25 కిలోన్యూటన్లు, అంటే రెండున్నర టన్నుల లాగుడు ఉండేలా చూస్తారు. పోస్టులు పలచనివి. తాళ్ళను తగిన ఎత్తులో పట్టి ఉంచి, కారు తాకగానే వంగిపోవడమే వాటి పని. కారును ఆపేది తాళ్ళు. ఎక్కువ చోట్ల పోస్టును కాంక్రీటులో పాతిన ఉక్కు సాకెట్‌లో దించుతారు. వంగినదాన్ని పీకి కొత్తది దించితే సరిపోతుంది, తవ్వకం అక్కర్లేదు.

కాబట్టి మామూలు గుద్దుడులో పోయేది పోస్టులు, వాటి కొక్కేలు, తాళ్ళ మధ్య ఎడం ఉంచే స్పేసర్లు. తాడులోని పురి తీగలు తెగితేనో, తాడు మడత పడితేనో తప్ప తాడు మార్చే పని పడదు. మీ బిల్లులో పోస్టులు 14. పోస్టుకూ పోస్టుకూ 4 మీటర్లనుకుంటే అది 56 మీటర్లు, తాడు మాత్రం 120 మీటర్లు రాశారు. తాడు తెగితే ఫిట్టింగు (తాడును కలిపే జాయింటు) నుంచి ఫిట్టింగు దాకా మార్చాల్సి రావచ్చు, కాబట్టి పొడవు ఎక్కువని మాత్రమే అబద్ధమనలేం. కాని నాలుగు తాళ్ళూ పాడయ్యాయని ఫొటోలతో చూపాల్సింది వాళ్ళు. క్రేనువాళ్ళు కారు తీయడానికి గ్యాస్ కట్టర్‌తో తాడు కోసి ఉంటే ఆ ఖర్చును గట్టిగా కాదనండి. టర్న్‌బకిల్ వదులు చేసి, పోస్టులు పీకి కారు తీయాలి. బిగువు మీదున్న తాడును కోస్తే అది కొరడాలా ఎగిరి మనిషి ప్రాణం తీయగలదు. బిగింపు కూలి అడుగుతున్నారు కనుక రిపేరు తర్వాతి టెన్షన్ రికార్డు అడగండి. ఎండలో తాడు వదులవుతుంది, చలికి బిగుస్తుంది. తాడు ఉష్ణోగ్రత రాయని రీడింగుకు విలువ లేదు.

రూ.25,000 పెనాల్టీని పూర్తిగా కొట్టేయాలి. జరిమానా వేయడానికి వాళ్ళు కోర్టు కాదు. పాత ఇనుము విలువ, వాళ్ళు జీఎస్టీ ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్న సామానుపై కట్టిన పన్నును తిరిగి సర్దుకోవడం) తీసుకుంటే ఆ పన్ను కూడా తగ్గించాలి.

రిపేరు చేయకముందే వెళ్ళి ఫొటోలు తీయండి. వంగిన పోస్టులు లెక్కపెట్టండి. తుప్పు పట్టిన పాత వంపులు కనబడితే విడిగా తీయండి, అవి ఇంతకుముందటి ప్రమాదానివి కావచ్చు. టోల్ ప్లాజా సీసీ కెమెరా రికార్డు చెరిగిపోకముందే భద్రపరచమని రోడ్డు కంపెనీకీ, పోలీసులకూ రాయండి. లారీ నంబరు దొరికితే బాధ్యతలో వాటా ఆ లారీ ఇన్సూరెన్స్‌కూ పడుతుంది. పెట్రోలింగ్ రిపోర్టు, ఆ కిలోమీటరు నిర్వహణ రికార్డు కోసం జాతీయ రహదారుల సంస్థకు రూ.10 ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. జవాబుకు గడువు 30 రోజులు.

నష్టపరిహారం కావాలంటే రోడ్డు కంపెనీ మోటారు వాహనాల చట్టం 166వ సెక్షన్ కింద మోటారు ప్రమాద క్లెయిముల ట్రిబ్యునల్‌కు వెళ్ళాలి. ఆస్తి నష్టం రూ.2,000 దాటింది కాబట్టి సివిల్ కోర్టుకూ వెళ్ళవచ్చు. నోటీసు వస్తే అదేరోజు ఇన్సూరెన్స్ కంపెనీకి పంపండి. ఇన్సూరెన్స్‌వాళ్ళు మీ క్లెయిము తిరస్కరించినా, ఫిర్యాదు చేసి నెలయినా పలకకపోయినా హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కు (ఇన్సూరెన్స్ ఫిర్యాదులు తేల్చే అధికారి) వెళ్ళవచ్చు, అక్కడ ఫీజు లేదు.

దెబ్బలు తగిలినవాళ్ళ ఆసుపత్రి కాగితాలు దాచండి. మీది ప్యాకేజీ పాలసీ (ఫుల్ ఇన్సూరెన్స్) కాబట్టి కారులో కూర్చున్నవాళ్ళకూ కవరు ఉంటుంది. ట్రిబ్యునల్‌లో దరఖాస్తుకు చట్టం పెట్టిన గడువు ప్రమాదం జరిగిన రోజు నుంచి 6 నెలలు.