పారా అంటే పక్కన అయితే పారాచూట్ సంగతేంటి?

ఇంగ్లీషు మాటల ముందుండే పారా (para) గ్రీకుదనీ, దానికి 'పక్కన' అని అర్థమనీ మీరు రాసుకున్నది తప్పు కాదు, పారా అని మొదలయ్యే ప్రతి మాటా గ్రీకు నుంచే వచ్చిందనుకోవడంలోనే తేడా వచ్చింది. 'పక్కన' అనే అర్థం పారాచూట్‌కీ పారడైజ్‌కీ అతకడం లేదన్నారు కదా, అతకదు, అవి ఆ కుటుంబం కాదు.

1. పారా తీసేసి, మిగిలిన ముక్క ఏ భాషదో చూడండి. అందరూ వదిలేసేది ఇదే, ఒంగోలులో కోచింగ్‌కి వెళ్లే రోజుల్లో నేనూ పారా కనిపిస్తే చాలు పక్కన అని రాసేసి మార్కులు పోగొట్టుకున్నా. చూట్ ఫ్రెంచి మాట, పడటం అని. దాని ముందున్న పారా లాటిన్ వైపు నుంచి వచ్చింది, అడ్డుకోవడం అని అర్థం. పారాసోల్ (ఎండ గొడుగు) కూడా అంతే. సోల్ అంటే సూర్యుడు, మే నెలలో నెల్లూరు ట్రంకురోడ్డు మీద నడిచేవాళ్లకి విడమరచి చెప్పక్కర్లేదు.

2. మిగిలింది గ్రీకే అయితే మీ అర్థం పనిచేస్తుంది. పారాసైట్ (పరాన్నజీవి) అనే మాటలో సీతోస్ అంటే ధాన్యం, తిండి. ఇంకొకరి పక్కన చేరి తినేవాడు, అంటే మనింట్లో చేపల పులుసు ఉడికే రోజే ఏదో పనున్నట్టు దిగే బాపతు. ఆ పేరు ముందు మనుషులకే పెట్టారు, పురుగులకు తర్వాత. పేరాగ్రాఫ్ అయితే రాత పక్కన, అంచులో గీసే గీత.

3. పారడైజ్ గ్రీకు మీదుగా వచ్చినా పుట్టింది పాత ఇరాన్ భాషలో, చుట్టూ గోడ కట్టిన తోట అని. ఆ పాత మాటలో 'చుట్టూ' అని అర్థమిచ్చే పైరి, మన 'పరిసరాలు'లో ఉన్న పరి, రెండూ చుట్టాలే.