నోరు విప్పాల్సిన చోట

చిరంజీవి అమ్మాయికి,
పెదనాన్న ఆశీస్సులు.

నీ ఉత్తరం చదివాను. పలుకుబడి ఉన్నవాళ్ల అబ్బాయికి మార్కులు దిద్ది పెంచారని, స్టాఫ్ రూములో అందరికీ తెలిసినా ఎవరూ నోరు మెదపలేదని రాశావు. నేనొక్కదాన్నే మాట్లాడితే వినేదెవరని అడిగావు.

ముందు ఆ తరగతి పిల్లల గురించి ఆలోచించు. మార్కులు ఎలా పెరిగాయో వాళ్లకు తెలియకుండా ఉండదు. కష్టపడి చదివి రెండో స్థానానికి జారిపోయిన పిల్ల పైకి ఏమీ అనదు. కానీ నిజాయితీ గురించి మీరు చెప్పే పాఠాన్ని ఇకమీదట పరీక్షలో రాయడానికే చదువుతుంది. నన్ను కలచివేసింది అదే. మార్కులు రేపైనా సరిదిద్దవచ్చు. ఆ పిల్ల పోగొట్టుకున్న నమ్మకం అంత తేలిగ్గా తిరిగి రాదు. మౌనం అర్ధాంగీకారమని పెద్దలన్నారు. పిల్లల దృష్టిలో అది పూర్తి అంగీకారమే.

ఒక్కరి మాటకు ఎంత బలముందో చెబుతాను. 1950లలో సాలమన్ ఆష్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త అమెరికాలో కాలేజీ విద్యార్థులతో ఒక ప్రయోగం చేశాడు. గీతల్లో ఏది ఏ గీతకు సమానమో చెప్పాలి. అంతే. గుంపులో ప్రయోగం చేసేవాడితో ముందే కూడబలుక్కున్నవాళ్లంతా తప్పు జవాబు చెబితే, అసలు విషయం తెలియని విద్యార్థి మూడింట ఒక వంతు సార్లు వాళ్లకే వంతపాడాడు. గుంపులో ఒకే ఒక్కరు సరైన జవాబు చెప్పినప్పుడు ఆ తప్పులు మునుపటి వాటిలో నాలుగో వంతుకు పడిపోయాయి. కాబట్టి అందరినీ ఒప్పించే భారం నెత్తిన వేసుకోకు. నీలాగే లోలోపల నలిగిపోతున్నవాళ్లు ఆ గదిలో తప్పకుండా ఉంటారు. వాళ్లలో ఒకరితో ముందుగా మాట్లాడు.

ఆపైన జవాబు పత్రాన్ని, మార్కుల రిజిస్టరును నీ కళ్లతో చూసి తేదీతో సహా రాసిపెట్టుకో. విన్నమాట పట్టుకుని వెళ్లావంటే నిన్ను అబద్ధాలకోరుగా నిలబెడతారు. తర్వాత ప్రధానోపాధ్యాయుణ్ని ఏకాంతంగా కలువు. ఎవరినీ దొంగ అనవద్దు. "ఈ పత్రంలో ఉన్న మార్కులకూ రిజిస్టరులోని మార్కులకూ పొంతన లేదండీ, సరిచేయాలి" అను చాలు. నీ సమాధానం కోసం ఆయన ఎదురుచూస్తే వివరాలు చూపించు, ఉపన్యాసం ఇవ్వకు. కోపం మీద ఉన్న రోజు అసలే వెళ్లకు. అలాగని వారాలు గడవనివ్వకు, పాతబడిన తప్పు అలవాటుగా మారుతుంది. ఆయన పట్టించుకోకపోతే పై అధికారికి రాతపూర్వకంగా తెలియజేసి, నకలు నీ దగ్గర ఉంచుకో.

ఇబ్బందులేవీ రావని నీకు మాట ఇవ్వలేను. కొందరు ముఖం చాటేస్తారు, పనిభారం పెంచుతారు. అందుకే ఇంట్లోవాళ్లకు ముందే చెప్పి ఉంచు.

ఆ అబ్బాయి మీద మాత్రం కోపం పెట్టుకోకు. వాడికి ఎవరూ అసలు మార్కులు చూపించి ఉండరు. వాణ్ని కూర్చోబెట్టుకుని, రాని లెక్కలు నువ్వే నేర్పించు.

ప్రధానోపాధ్యాయుణ్ని కలిసిన రోజు నాకు ఫోను చెయ్యి.

ఇట్లు,
నీ పెదనాన్న