మొదటి వారంలో పేరు పెట్టెయ్యకు

అమ్మాయీ,

నీ ఉత్తరం అందింది. ఒక గెలాక్సీ నడిబొడ్డున కొత్త వెలుగు కనబడిందనీ, బ్లాక్ హోల్ చీల్చేసిన నక్షత్రమే అయ్యుంటుందనీ రాశావు. నీ సంబరం నాకు అర్థమవుతుంది. అయినా నలుగురికీ చెప్పే ముందు కాస్త ఆగు.

ఒక గెలాక్సీలో ఇలాంటిది జరిగేది సుమారు 10 వేల నుంచి లక్ష ఏళ్లకోసారి. సూపర్‌నోవాలు, అంటే పేలిపోయే నక్షత్రాలు, అంతకన్నా చాలా తరచుగా కనబడతాయి, కేంద్రం దగ్గర కూడా. అందుకని కొత్త చిత్రంలోంచి పాత చిత్రాన్ని తీసివేసి, మిగిలిన చుక్క సరిగ్గా కేంద్రం మీదే పడుతోందా అని కొలువు. పాత డేటా కూడా తిరగెయ్యి. ఆ కేంద్రం ఏళ్ల తరబడి మినుకుమినుకుమంటూనే ఉంటే, అది చుట్టూ ఉన్న వాయువుని ఎప్పట్నుంచో మేస్తున్న బ్లాక్ హోల్.

అసలు సంగతి రంగులో ఉంది. సూపర్‌నోవా వారాలు గడిచేకొద్దీ చల్లారి ఎర్రబడుతుంది. చీలిన నక్షత్రం వెలుగు మసకబారుతున్నా, నెలల తరబడి నీలంగానే ఉంటుంది. వేడి 10 వేల కెల్విన్లకు పైనే. నా తొలి రోజుల్లో మూడు రాత్రుల నీలిరంగు చూసి అందరికీ చెప్పేశాను. నాలుగో వారానికి చుక్క ఎర్రబడింది. ఆ రోజు గ్రాఫు మీద ఆ చివరి చుక్క పెడుతుంటే చెయ్యి ఆడలేదు.

లోపల జరిగేది మనసులో ఉంచుకో. 10 లక్షల సూర్యుల బరువున్న బ్లాక్ హోల్‌కి సూర్యుడిలాంటి నక్షత్రం సుమారు 7 కోట్ల కిలోమీటర్ల దగ్గరికి వస్తే, ఇవతలి వైపు లాగుడుకీ అవతలి వైపు లాగుడుకీ ఉన్న తేడాకే దారంలా సాగిపోతుంది. దాదాపు సగం ఎగిరిపోతుంది, మిగతా సగం వెనక్కొచ్చి పడుతుంది. అలా రోజుకి వచ్చి పడే పదార్థం మోతాదు కాలానికి మైనస్ 5/3 ఘాతంగా తగ్గుతుందని లెక్క. వెలుగు తగ్గుదలకి నువ్వు గీసిన గీత దానికి అతికినట్టు రాలేదని దిగులు పడకు, చాలావాటికి రాదు. బ్లాక్ హోల్ బరువు మాత్రం చూడు: 10 కోట్ల సూర్యులు బాగా దాటితే అలాంటి నక్షత్రాన్ని చీల్చకుండా అలాగే మింగేస్తుంది, వెలుగే రాదు.

తొందరపడి పేరు పెట్టడం పెద్దవాళ్లకీ తప్పలేదు: 2011 మార్చిలో స్విఫ్ట్ ఉపగ్రహం పట్టుకున్న జె1644+57 అనే వెలుగుని మొదట గామా కిరణ విస్ఫోటనం, అంటే కాసేపట్లో ఆరిపోయే మెరుపు, అనుకున్నారు. అది రోజులు గడిచినా ఆరకపోయేసరికే, బ్లాక్ హోల్ చీల్చిన నక్షత్రమన్న అసలు విషయం బయటపడింది.

అతినీలలోహిత టెలిస్కోపుకి ఇవాళే టైం అడుగు, వర్ణపటం వారానికొకటి తీయించు. ఆ గెలాక్సీ సూర్యుడి వెనక్కి ఎప్పుడు పోతుందో ముందే లెక్క చూసుకో. నాలుగో వారం రంగు రాగానే నాకు రాయి.

ఆశీస్సులతో,
నీ పెదనాన్న